లెక్కల చదువులో తొందర: గంజాం సీమ చరిత్ర చెప్పే మాట

మన తెలుగువారు నలుగురు ఒకచోట చేరితే ఒకప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న "తమది ఏ ఊరండీ?" అని. ఆ తరువాత "ఏ ఆఫీసులో పని?" అని. ఇప్పుడు ఈ రెండింటికంటె ముందే మరొక ప్రశ్న వస్తున్నది: "మీ అబ్బాయిని ఏ ఫౌండేషన్లో చేర్చారు?" అని. ఫౌండేషన్ అంటే పునాది. కాని ఈ వాడుకలో దాని అర్థం వేరు. ఆరో తరగతి చదివే పిల్లవానికి తొమ్మిది, పది తరగతుల బీజగణితం, త్రికోణమితి ముందుగానే చెప్పివేసి, ఆరేళ్ళ తరువాత రాయబోయే ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే తయారు చేయడం అన్నమాట. ఇందుకోసం పదకొండేళ్ళ పసివాళ్ళను విశాఖపట్నానికి, విజయవాడకు పంపి హాస్టళ్ళలో ఉంచుతున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. పంపలేనివారు అప్పు ఎక్కడ పుడుతుందా అని వెతుకుతున్నారు. అదీ కుదరనివారు తమ పిల్లలకు ఏదో అన్యాయం చేస్తున్నామని లోలోపల కుములుతున్నారు.

ఈ తొందర మంచిదా? పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు పెద్ద లెక్కలు ముందుగా నేర్పవచ్చునా, కూడదా? ఈ వ్యాసం రాస్తున్నవాడు పండితుడు కాడు. మెట్రిక్ ప్యాసై, రైల్వేలో గుమస్తాగా కూడికలు తీసివేతలతో కాలం గడుపుకొస్తున్నవాడు. అయితే మనం ఉద్యోగాల కోసమో వ్యాపారాల కోసమో వచ్చి నిలదొక్కుకున్న ఈ గంజాం సీమకు చదువుల విషయంలో ఘనమైన చరిత్ర ఉన్నది. దానిని ఒకసారి తిరగవేస్తే మన ప్రశ్నకు సగం జవాబు అందులోనే దొరుకుతుందని నా నమ్మకం. తక్కిన సగం ఎవరి ఇంటిలో వారు వెతుక్కోవలసినది.

ఖల్లికోట పేరు, చదువు పేరు

ఖల్లికోట అనగానే మన పిల్లలకు స్టేషను బోర్డు గుర్తుకు వస్తుంది. పెద్దలకు నిర్మలఝరం, రంభ, చిలకా సరస్సు గుర్తుకు వస్తాయి. కాని ఈ పేరు నాలుగు దిక్కులా తెలిసినది చదువు వలననే. 1856లో బరంపురంలో ఒక పాఠశాల వెలసింది. 1878లో అది రెండవ తరగతి కాలేజీ అయింది. అంటే ఎఫ్.ఏ. వరకు చెప్పే కాలేజీ అన్నమాట. 1893లో ఖల్లికోట సంస్థానాధీశులైన హరిహర మర్దరాజ గారు దానికి లక్ష రూపాయల విరాళం ఇచ్చారు. నాటినుంచి అది ఖల్లికోట కాలేజీ అయింది. ఆ రోజుల్లో లక్ష రూపాయలంటే ఏపాటి ధనమో ఊహించుకోవచ్చు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనిదే. కనుక ఆ కాలేజీ బెంచీలపై ఒడియా విద్యార్థులు, తెలుగు విద్యార్థులు ప్రక్కప్రక్కనే కూర్చునేవారు. బరంపురంలో 1894లో పుట్టిన వరాహగిరి వేంకటగిరి గారు ఆ కాలేజీలో చదివినవారే. ఆయన రైల్వే కార్మికుల నాయకుడై, 1969లో రాష్ట్రపతి అయ్యారు. మన రైల్వేవారికి ఈ మాట మరీ ఇష్టమైనది కనుక ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

మన ప్రశ్నకు సంబంధించినంత వరకు ఆ 1856 ఒక గట్టు వంటిది. ఈ కొత్త పాఠశాలలు రాకపూర్వం ఇక్కడి బడిలో తరగతులు లేవు. వచ్చిన తరువాత తరగతులు వచ్చాయి. "ముందు తరగతి లెక్కలు ఇప్పుడే చెప్పాలా?" అనే ప్రశ్న తరగతులు ఉన్నచోటనే పుడుతుంది. అవి లేని కాలంలో పిల్లలు లెక్కలు ఎలా నేర్చుకున్నారో ముందుగా చూదాం.

తరగతులు లేని బడి

తెలుగువారు వీధిబడి అన్నదానిని ఒడియావారు చాటశాళి అన్నారు. మన పంతులుగారు వారికి అవధానులు. మన ఎక్కాలు వారికి పణికియా. పేర్లు వేరైనా పద్ధతి ఒక్కటే. ఇసుకలో వేలితో అక్షరం దిద్దడం, తరువాత తాటాకు, నోటితో ఎక్కాలు, తరువాత వడ్డీ లెక్క, కొలతల లెక్క, గాదె లెక్క. ఒకే అరుగుమీద ఆరేళ్ళవాడూ ఉండేవాడు, పద్నాలుగేళ్ళవాడూ ఉండేవాడు. ఎవని పాఠం వానిది. రెండో ఎక్కం వచ్చినవాడు మూడో ఎక్కానికి పోతాడు, రానివాడు అక్కడే ఉంటాడు. ముందుకు పోయినవానికి ఇంకొక పని కూడా పడేది. వెనుకవానికి తాను నేర్చినది చెప్పాలి. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి అధిపతిగా ఉన్న ఆండ్రూ బెల్ దొర దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టి, పిల్లలచేత పిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దానిని గురించి పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. మన అరుగుమీది బడి సీమకు కూడా పాఠం చెప్పిందన్నమాట.

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ ఇటువంటి బడుల లెక్కలు పంపమని అడిగాడు. జవాబులన్నీ వచ్చాక 1826లో ఆయన తేల్చినది ఏమంటే, రాజధాని మొత్తంలో బడులు 12,498, జనం కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి. అందులోనే ఆయన మరొక మాట కూడా రాశాడు. బడికి వచ్చే ఆడపిల్లలు చాలా కొద్దిమంది అని. ఈ రెండో మాట కూడా మనం గుర్తుంచుకోవాలి. పాత బడిని పొగిడేటప్పుడు దాని అరుగు ఎక్కనివ్వని పిల్లలు ఎందరో లెక్కించకుండా పొగడరాదు. బెత్తం దెబ్బలు, గుంజీలు, అర్థం తెలియని వల్లెవేతలు కూడా ఆ బడిలోనివే.

అయినా లెక్కల విషయంలో ఆ బడికి ఒక బలం ఉన్నది. భిన్నాలు అక్కడ చిన్ననాడే నోటికి వచ్చేవి. అర, పాతిక, ముప్పాతిక, పరక, వీసం, అరవీసం అన్నవి మన తాతలకు మాటలు కావు, చేతిలోని వస్తువులు. పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. ఈనాటి పిల్లవాడు ఐదో తరగతిలో తడబడే చోట ఆనాటి ఎనిమిదేళ్ళవాడు పరుగెత్తేవాడు. కారణం అతడు మేధావి అని కాదు. రూపాయికి పదహారు అణాలున్న బజారులో రోజూ ఆ లెక్క అవసరపడేది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక ఆ ఎక్కాలకు పని తగ్గింది, అవి క్రమంగా మరుగున పడ్డాయి.

పెద్ద లెక్కలు కూడా మనకు పరాయివి కావు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి దించాడు. భాస్కరాచార్యుని లీలావతి లెక్కలు ఒడియా తాళపత్రాలలోకి కూడా ఎక్కాయి. వాటిలో తేనెటీగలు, హంసలు, నెమళ్ళు, కొలనులోని తామరలు కనిపిస్తాయి. చిన్నపిల్లవానికి కథ వినిపించి, కథ చివర ప్రశ్న వేసి, వాడంతట వాడే బీజగణితంలోకి అడుగుపెట్టేటట్లు చేయడం ఆ పెద్దల ఉపాయం. ఏ వయసుకు ఏ లెక్క అని వారు గీత గీయలేదు. పిల్లవాడు ఎక్కడ ఉన్నాడో చూచి అక్కడినుంచి మొదలుపెట్టారు.

ఖండపడా బాలుడు

ఇటువంటి చదువులో పైకి వచ్చిన మహానుభావుడు మనకు దగ్గరలోనే ఉన్నారు. నయాగఢ్ వైపు ఖండపడా అనే చిన్న సంస్థానంలో 1835లో సామంత చంద్రశేఖరులు జన్మించారు. ఒడియా సోదరులు ఆయనను పఠాణి సామంత అని ముద్దుగా పిలుస్తారు. ఇంగ్లీషు బడి ముఖం ఆయన ఎరుగడు. చిన్ననాడే పినతండ్రి నక్షత్రాలను చూపించి పేర్లు చెప్పాడు. ఇంటిలో ఉన్న సంస్కృత గ్రంథాలు చదివి, పదిహేనేళ్ళ ప్రాయానికి గ్రహాల లెక్క స్వయంగా వేయగలిగాడు. వేసి చూచుకొంటే ఆకాశంలో గ్రహం ఒకచోట ఉన్నది, గ్రంథం లెక్క ఇంకొకచోట చూపుతున్నది. అక్కడినుంచి వెదురుబద్దలతో, కర్రలతో యంత్రాలు తానే చేసుకొని, ఏళ్ళ తరబడి రాత్రులు కొలిచి, సిద్ధాంతదర్పణం అనే గ్రంథం రచించాడు. అది 1899లో కలకత్తాలో అచ్చయింది. 1893లో ప్రభుత్వం ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది.

ఈ బాలునికి పెద్ద లెక్కలు తొందరగా వచ్చాయా? వచ్చాయి. కాని ఎవరు తొందరపెట్టారు? ఎవరూ లేరు. పినతండ్రి చేసినది ఆకాశం వైపు వేలు చూపించడం. నడక అంతా పిల్లవానిదే. లెక్క తప్పిందని తెలిసినప్పుడు దాన్ని సరిచూచుకోవడానికి ఆయనకు జీవితమంతా సమయం దొరికింది. నెలనెలా ర్యాంకుల పట్టిక గోడమీద అంటించేవారు ఖండపడాలో లేరు.

తలకు ఇంత అని బడికి డబ్బు

1854లో వుడ్ దొర విద్యా ప్రణాళిక వచ్చింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. ఈడుకు ఒక తరగతి, ఏడాదికి ఒక పరీక్ష, పరీక్షకు ఒక పుస్తకం ఏర్పడినాయి. ఇందువల్ల లాభం కూడా కలిగింది. రైతుబిడ్డ, మంగలిబిడ్డ, మాలబిడ్డ ఒకే పుస్తకం చదివి ఒకే పరీక్షకు కూర్చునే వీలు ఏర్పడింది. ఈ లాభాన్ని తక్కువగా చూడరాదు.

కాని దానితో ఒక దురాచారం కూడా ప్రవేశించింది. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో మద్రాసు రాజధానిలో బడులకు గ్రాంటు ఇవ్వడానికి ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు. ఎందరు ప్యాసయితే తలకు ఇంత చొప్పున బడికి డబ్బు. ఫలితాల గ్రాంటు అని దాని పేరు. పంతులుగారి కడుపు పిల్లవాని జవాబు మీద ఆధారపడింది. ఇక ఆయన ఏం చేస్తాడు? అర్థమయిందా అని అడగడానికి తీరిక ఎక్కడ? ఇన్‌స్పెక్టరు అడగబోయే ప్రశ్నలు వల్లె వేయిస్తాడు. 1904లో కర్జన్ ప్రభువు కాలపు విద్యా తీర్మానం ఈ పద్ధతిని తప్పుపట్టింది. ఆ తరువాతనే అది తొలగింది.

ఈనాటి ఫౌండేషన్ వ్యాపారం చూస్తే నాకు ఆ గ్రాంటే జ్ఞాపకం వస్తుంది. ఆనాడు డబ్బు సర్కారునుంచి వచ్చేది, ఈనాడు తండ్రి జీతంనుంచి వస్తున్నది. అంతే తేడా. పిల్లవాని ఫలితమే బడికి సరుకు అయినప్పుడు పిల్లవానిని పరుగెత్తించడం బడికి లాభం. ఆ పరుగు పిల్లవానికి లాభమా అనేది వేరే ప్రశ్న. దానిని అడగవలసినవాడు తండ్రి ఒక్కడే.

రామానుజన్ తప్పిన పరీక్ష

ముందుగా పెద్ద లెక్కలు పట్టినవారిలో శ్రీనివాస రామానుజన్‌ను మించినవారు లేరు. ఆయన కథ మన ప్రశ్నకు రెండువైపులా సాక్ష్యం చెబుతుంది. 1897లో పదేళ్ళ వయసున ప్రాథమిక పరీక్షలో జిల్లాకు మొదటివాడుగా వచ్చాడు. పదమూడో ఏడు వచ్చేసరికి కాలేజీవారు చదివే లోనీ త్రికోణమితి చదివివేశాడు. 1903లో కార్ అనే దొర కూర్చిన సూత్రాల పుస్తకం ఆయన చేతికి వచ్చింది. ఆ కార్ కేంబ్రిడ్జి పరీక్షలకు పిల్లలను తయారుచేసే ప్రైవేటు మాష్టరు. పుస్తకంలో సుమారు ఐదువేల సూత్రాలు, వివరణ బహు స్వల్పం. ఇంకొకరికి అది వల్లెవేసే పుస్తకం. రామానుజన్‌కు అది ఐదువేల పొడుపుకథలు. ప్రతిదానినీ తానే విప్పుకున్నాడు.

ఇక రెండో వైపు చూడండి. 1904లో కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పు దొరికింది. లెక్కలు తప్ప ఇంకేమీ చదవక ఇంగ్లీషులో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి రైలెక్కి మన విశాఖపట్నం వచ్చివేశాడు. పదిహేడేళ్ళ కుర్రవాడు, తెలియని ఊరు. తరువాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరి, ఎఫ్.ఏ. పరీక్షకు కూర్చొని మళ్ళీ తప్పాడు. ఆ రోజుల్లో బరంపురం ఖల్లికోట కాలేజీ విద్యార్థులు రాసినది కూడా మద్రాసు విశ్వవిద్యాలయంవారి ఆ ఎఫ్.ఏ. పరీక్షనే. ఇక్కడ ఎందరో ప్యాసయిన పరీక్షలో రామానుజన్ ప్యాసు కాలేదు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్పై రూపాయలకు గుమస్తాగా చేరాడు. 1914లో కేంబ్రిడ్జి వెళ్ళడం, 1918లో రాయల్ సొసైటీ సభ్యుడు కావడం, 1920లో ముప్పైరెండేళ్ళకే కన్నుమూయడం లోకవిదితం. ఆయనను పిలిపించుకున్న హార్డీ దొర అభిప్రాయం ఏమంటే, అకాలమరణం కంటె పెద్ద నష్టం యౌవనంలో సరైన మార్గదర్శి లేక గడిచిన ఆ ఏళ్ళు అని.

దీనినిబట్టి రెండు మాటలు తేలుతున్నాయి. నిజంగా ముందుకు పోగలిగిన పిల్లవానిని తరగతి గోడకు కట్టివేయడం అన్యాయం. అలాగని ముందుకు పోయినవానిని ఒంటరిగా వదలివేయడం కూడా అన్యాయమే. ప్రక్కన నడిచే పెద్దవాడు ఒకడు ఉండాలి. హాస్టలులో నూరుమందికి ఒక మాష్టరు ఆ పెద్దవాడు కాలేడు.

ఏ భాషలో లెక్క?

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. అప్పటికి ఆయన చదువు కూడా మెట్రిక్ మాత్రమే. ఆయన సవరల భాషను స్వయంగా నేర్చి, సవర పిల్లలకు ఆ భాషలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. తెలుగు పిల్లలకు కూడా నోటనున్న తెలుగులోనే చదువు చెప్పాలని జీవితాంతం పోరాడారు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు మనసు కష్టపెట్టుకొని రాజమహేంద్రవరం వెళ్ళిపోయి, 1940లో గతించారు. పిల్లవానికి తెలిసిన మాటతో మొదలుపెట్టనిదే ఏ చదువూ లోపలికి దిగదన్నదే ఆయన జీవితం మొత్తంలోని పాఠం.

ఇది లెక్కలకు కూడా వర్తిస్తుంది. మన పిల్లల స్థితి చూడండి. ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షకు ఇంగ్లీషు. తెలుగులో ఇరవై దాటాక అంకెల పేర్లు సాఫీగా నడుస్తాయి. ఇరవైమీద తొమ్మిది ఇరవై తొమ్మిది, ముప్పైమీద ఏడు ముప్పై ఏడు. పదులు ముందు, ఒకట్లు తరువాత. ఒడియాలో అట్లా కాదు. నూరు వరకు దాదాపు ప్రతి అంకెకూ వేరు పేరు నేర్చుకోవాలి. అయితే అందులోనూ ఒక అందం ఉన్నది. ఇరవై తొమ్మిదిని వారు అణతిరిశ అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని అర్థం. ముప్పై తొమ్మిది అణచాళిశ, నలభైకి ఒకటి తక్కువ. మా అమ్మాయి ఈ రెండు పద్ధతులూ నోట ఆడించుకొని, ఇరవై తొమ్మిదిని ఆరుతో గుణించమంటే ముప్పై ఆర్లు నూటఎనభై, ఆరు తీస్తే నూటడెబ్భై నాలుగు అని చెప్పింది. ఇది ఏ ఫౌండేషనూ నేర్పలేదు. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలకు దొరికే ఉచితమైన ఆస్తి ఇది. కాని ఆ ఆస్తి చేతికి రావాలంటే కొంత కాలం పడుతుంది. రెండు భాషల అంకెలు కలిసి మనసులో కుదురుకోకముందే మూడో భాషలో బీజగణితం పైన పోస్తే మూడూ చెదరిపోతాయి.

మా మిత్రుడొకరి కుమారుని సంగతి చెబుతాను. ఊరూ పేరూ అనవసరం. రెండేళ్ళు దూరాన హాస్టలులో చదివి సెలవులకు వచ్చాడు. వర్గసమీకరణ సూత్రం గడగడ చెప్పగలడు. మేమందరం సంతోషించాం. మరునాడు బజారులో చిలకా రొయ్యలు కిలో నాలుగువందల ఎనభై అంటే ముప్పావు కిలో తీసుకున్నారు. "ఎంత ఇవ్వాలిరా?" అని తండ్రి అడిగాడు. కుర్రవాడు కాగితం కోసం జేబు తడుముకున్నాడు. అంతలో రొయ్యలు అమ్మే అవ్వ మూడువందల అరవై అని చెప్పి చేయి చాచింది. పావుకు నూటఇరవై, కిలోలో పావు తీసివేస్తే సరి, అంతే ఆమె లెక్క. నవ్వి ఊరుకున్నాం కాని ఆ తండ్రి ముఖం చిన్నబోయింది. పిల్లవాని తెలివిలో లోపం లేదు. మెట్లు కట్టకుండా మేడమీది గది కట్టారు, అంతే.

నాలుగు గంటల దీపం

మన తెలుగువారిలో గణితంలో లోకప్రసిద్ధి పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారి బాల్యం కూడా ఇక్కడ తలచుకోవలసినది. 1920లో హడగళిలో పుట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. బదిలీల వల్ల చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఇలా ఊరూరా సాగింది. రైల్వే కుటుంబాలకు ఈ కథ కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, 1943లో కలకత్తాలో సంఖ్యాశాస్త్రం ఎం.ఏ. పూర్తిచేశారు. పాతికేళ్ళు నిండుతున్న 1945లో ప్రచురించిన వ్యాసంతో ఆయన పేరు శాస్త్రంలో శాశ్వతమైంది. 2023లో నూటమూడో ఏట పరమపదించారు. తన గ్రంథమొకటి తల్లికి అంకితమిస్తూ ఆయన చెప్పినది ఏమంటే, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపం వెలిగించి, ప్రశాంతమైన ఆ వేళలో చదువుకోమని కూర్చోబెట్టేదట ఆ తల్లి. ఆమె ఆయనకు లెక్కలు చెప్పలేదు. సమయం ఇచ్చింది, వెలుతురు ఇచ్చింది. మన ఇండ్లలో ఇప్పటికీ ఏ తల్లి అయినా ఇవ్వగలిగినవి ఈ రెండే. ఇవి అప్పు చేయకుండానే దొరుకుతాయి.

ఇతర దేశాల అనుభవం

మన బంధువులెందరో అమెరికాలో ఉన్నారు కనుక అక్కడి సంగతి కూడా రెండు మాటల్లో చెబుతాను. 1971లో జూలియన్ స్టాన్లీ అనే ఆచార్యుడు పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలకు కాలేజీ ప్రవేశానికి పెట్టే గణిత పరీక్ష పెట్టి, అందులో అసాధారణంగా రాణించినవారిని ఏరి, దశాబ్దాల తరబడి వారి జీవితాలను పరిశీలించే పని ప్రారంభించాడు. అటువంటి పిల్లలు తమంత తాము కోరుకొని ముందు చదువుకు పోతే చెడిపోరనీ, పలువురు పెద్ద పనులు చేశారనీ తేలింది. కాని వారు పరీక్షించి ఏరిన కొద్దిమంది.

ఇక అందరినీ ఒకేసారి ముందుకు తోసినచోట ఏమైంది? ఉత్తర కరోలినాలోని షార్లట్‌లో 2000 దాటిన తొలి ఏళ్ళలో ఓమాదిరి పిల్లలను కూడా ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రాకు పంపారు. వారికి ఆ పరీక్షలో మార్కులు తగ్గడమే కాక, తరువాత వచ్చే రేఖాగణితంలో కూడా వెనుకబడ్డారని పరిశోధకులు చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దీనికి తలక్రిందులుగా చేశారు. 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా ఎవరికీ లేకుండా తీసివేశారు. చురుకైన పిల్లలున్న తల్లిదండ్రులు గోలపెట్టారు. 2024 మార్చిలో వోటర్లు దానిని తిరిగి తెమ్మని తీర్పు చెప్పారు. అందరినీ తోయడమూ తప్పే, అందరినీ ఆపడమూ తప్పే. మన అరుగుమీది పంతులుగారికి తెలిసిన విషయమే ఇది.

మన దేశంలో 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగు సంస్థలకు మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. పదహారేళ్ళు నిండనివారిని చేర్చుకోరాదని అందులో ఉన్నది. కాని ఆ కోచింగే బడి గోడల లోపల, బడి పేరుతో జరిగితే ఆపేవారెవరు? అక్కడ కూడా అడగవలసినవాడు తండ్రే.

మనం చేయదగినది

పిల్లవాడు పెద్ద లెక్కకు సిద్ధమయ్యాడా లేదా తెలుసుకోవడానికి నాకు తోచిన గుర్తులు మూడు. భిన్నాలు, శాతాలు కాగితం లేకుండా బజారులో చెప్పగలడా? ఒక లెక్కను రెండు విధాల చేసి చూపగలడా? ఎవరూ చెప్పకుండా తానై ఇంకొక లెక్క అడుగుతున్నాడా? మూడింటికీ అవును అంటే తరగతి సంగతి మరచి వానికి ముందు పుస్తకం ఇవ్వండి. కాదంటే ఆగండి. ఆగడం ఓడిపోవడం కాదు. లైన్ క్లియర్ లేకుండా ఏ స్టేషనులోనూ బండి వదలరు. ఆగిన బండిని చూచి ఎవరూ నవ్వరు కూడా.

ఇంకొక మాట. చురుకైన పిల్లవానికి ముందు తరగతి పాఠమే ఇవ్వాలనే నియమం లేదు. ఉన్న తరగతిలోనే లోతైన లెక్కలు ఇవ్వవచ్చు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడులో మన దేశం 1989 నుంచి పాల్గొంటున్నది. ఆ పోటీలో ప్రశ్నలు మహా కఠినమైనవి, కాని వాటికి కాలేజీ గణితం అక్కరలేదు. బడి లెక్కలే, లోతు ఎక్కువ. బావి తవ్వేవాడు ఉన్నచోటనే తవ్వితే నీరు పడుతుంది.

మన సంఘంవారికి నా మనవి ఒకటి. ఆదివారాలు సాయంత్రం ఒక గంట లెక్కల అరుగు పెడదాం. అందులో తరగతులు వద్దు, ర్యాంకులు వద్దు. తొమ్మిదో తరగతి పిల్ల ఆరో తరగతి పిల్లవానికి చెప్పాలి. తెలుగు ఎక్కాలు, ఒడియా పణికియా రెండూ వినిపించాలి. రిటైరైన పెద్దలు వడ్డీ లెక్కలు, జమాఖర్చులు చెప్పాలి. నిజంగా ముందుకు పోగల పిల్ల కనబడితే ఆమెకు కావలసిన పుస్తకాలు సంఘం కొనిపెట్టాలి. పిల్ల అని బుద్ధిపూర్వకంగానే అంటున్నాను. మన్రో కాలంలో బడికి రాని ఆడపిల్లలు ఈనాడు వస్తున్నారు. కాని అప్పు చేసి చదివించే మాట వచ్చేసరికి మన ఇండ్లలో ఇంకా కొడుకు పేరే ముందు వస్తున్నది. మా అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి. ఆమెను దూరపు హాస్టలుకు పంపకుండా ఇక్కడే చదివించాలని నేనూ మా ఇంటివారూ నిశ్చయించుకున్నాం. ఆమె ఎంత దూరం పోదలచితే అంత దూరానికి పుస్తకాలు తెచ్చిపెట్టడం నా వంతు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ముందు, బెల్లం తరువాత అని ఎవరూ ఏర్పాటు చేయలేదు. అన్నీ కలిసి ఊరితేనే రుచి. పిల్లల చదువు కూడా ఊరవలసిన వస్తువే. ఈ కొత్త సంవత్సరంలో మన బిడ్డలందరికీ తగిన వేళకు తగిన చదువు అబ్బుగాక.